లెక్కలోకి రాని డబ్బు

శాన్ ఆంటోనియో తనకి తాను పెట్టుకున్న పేరు 'మిలిటరీ సిటీ, యూఎస్ఏ'. ఇక్కడ ఏ సిగ్నల్ దగ్గర ఆగినా ముందు కారు నంబర్ ప్లేటు మీద 'డిసేబుల్డ్ వెటరన్' అని ఉండటం మామూలే. కిరాణా షాపు పార్కింగ్‌లో మాజీ సైనికులకి వేరే చోటు ఉంటుంది. ఆట మొదలయ్యే ముందు వాళ్లని లేచి నిలబడమంటారు, జనం చప్పట్లు కొడతారు. 'థాంక్యూ ఫర్ యువర్ సర్వీస్' అన్నది ఇక్కడ 'బాగున్నారా' అన్నంత అలవాటైన మాట. మా నాన్న ఇక్కడికి వచ్చినప్పుడు ఇదంతా చూసి ముచ్చటపడ్డాడు. ఆయన ఇండియన్ ఆర్మీలో పదిహేడేళ్లు చేసి హవల్దారుగా రిటైరయిన మనిషి. "మనూళ్లో మిలిట్రీ ఆయన అని పిలుస్తారు గానీ తల్లీ, చప్పట్లు ఎవరు కొట్టారు" అన్నాడు నవ్వుతూ.

ఆ చప్పట్లు అబద్ధమని నేననను. అవి కొట్టే దేశపు పన్నుల చట్టంలో ఒక చిన్న ఖాళీ ఉంది, దాని గురించి చెప్పాలి.

నాది హెచ్-4 వీసా. జీతం తీసుకుని పనిచేసే హక్కు లేదు, ఊరికే చేస్తే ఎవరూ కాదనరు. అందుకని ఐఆర్ఎస్ వాళ్ల 'వీటా' కార్యక్రమంలో వాలంటీరుగా చేరాను. తక్కువ ఆదాయం వాళ్లకి ఉచితంగా టాక్స్ రిటర్నులు చేసిపెట్టే పని. చదువుకుని పరీక్ష పాసవ్వాలి. మనం చేసిన ప్రతి రిటర్నునీ ఇంకొకరు సరిచూస్తారు. మా సెంటరు ఒక లైబ్రరీ వెనకగదిలో. మడత కుర్చీలు, నాలుగు లాప్‌టాప్‌లు, ఎప్పుడూ మొరాయించే ఒక ప్రింటరు. వచ్చేవాళ్లలో మాజీ సైనికులు చాలామంది. కిందటి ఏడాది, అంటే 2025 ఫిబ్రవరిలో, 2024 రిటర్నులు చేస్తున్నప్పటి మాట ఇది. మనుషుల గుర్తులు మార్చి రాస్తున్నాను.

ఇండియాలో ఉన్నప్పుడు అమెరికా సైనికుడంటే కుటుంబం మొత్తానికి జీవితాంతం వైద్యం ఉచితం అనుకునేదాన్ని. అలా ఏం లేదు. ఇరవై ఏళ్లు చేసి రిటైరయినవాళ్లకీ, గాయాల వల్ల సైన్యమే రిటైర్ చేసి పంపినవాళ్లకీ 'ట్రైకేర్' ఉంటుంది, అందులో భార్యాపిల్లలూ ఉంటారు. నాలుగేళ్లో ఎనిమిదేళ్లో చేసి బయటికొచ్చిన మామూలు సైనికుడికి, అర్హత ఉంటే, వెటరన్స్ అఫైర్స్ శాఖ అంటే వీఏ ఆసుపత్రి ఉంటుంది. అది అతనికి మాత్రమే. భార్య అతనితో వచ్చి వెయిటింగ్ రూంలో కూర్చోవచ్చు, అంతే. ఆవిడ ఇన్సూరెన్సు ఆవిడే చూసుకోవాలి. ఉద్యోగం ఇవ్వకపోతే ఒబామాకేర్ మార్కెట్‌ప్లేస్‌లో కొనుక్కోవాలి. అక్కడ అసలు ధర మామూలు మనిషి కట్టగలిగేది కాదు. అందుకే ప్రభుత్వం ఆదాయాన్ని బట్టి ప్రీమియం టాక్స్ క్రెడిట్ ఇస్తుంది. పేరుకి పన్ను మినహాయింపులా ఉంటుంది గానీ నెలనెలా నేరుగా ఇన్సూరెన్సు కంపెనీకే వెళ్లిపోతుంది. ఏడాది చివర్లో ఫారం 8962 మీద లెక్క తేల్చుకోవాలి.

ఆ ఫారం దగ్గర నేను చూసిన మొదటి వెటరన్ ఒక అమ్మాయి. పాతికేళ్లు దాటి రెండు మూడేళ్లుంటాయి. సైన్యంలోంచి వచ్చేటప్పుడు ఎవరో ఇచ్చిన కాగితాల్లో వీఏ వైద్యానికి దరఖాస్తు కూడా ఉంటే సంతకం పెట్టింది. ఒకసారి చెవుల పరీక్షకి వెళ్లింది, మళ్లీ అటు పోలేదు. తర్వాత మార్కెట్‌ప్లేస్‌లో పాలసీ తీసుకుంది, క్రెడిట్ వచ్చింది. చట్టం ఏమంటుందంటే, వీఏ వైద్యానికి అర్హత ఉండి కూడా పేరు నమోదు చేసుకోకపోతే క్రెడిట్ తీసుకోవచ్చు. నమోదయ్యావా, వాడినా వాడకపోయినా నీకు ఇన్సూరెన్సు ఉన్నట్టే, క్రెడిట్ రాదు. ఆమె తరఫున కంపెనీకి వెళ్లింది మూడు వేల డాలర్ల పైచిలుకు. ఆదాయం 32,000 కాబట్టి, ఆ ఏడాది నిబంధనల్లో ఉన్న పరిమితి వల్ల 950 డాలర్లు తిరిగి కడితే సరిపోయింది. ఆ పరిమితిని 2025లో చేసిన చట్టం తీసేసింది. 2026 నుంచి ఇలాంటి వాళ్లు మొత్తం తిరిగి కట్టాల్సిందే. ఆ అమ్మాయి గొడవ పెట్టలేదు. "చెవులు బాగానే ఉన్నాయన్నారు" అంది, అంతే.

అసలు నేను రాద్దామనుకున్నది రెండోవాళ్ల గురించి.

భార్యాభర్తలు. యాభై దాటారు, పిల్లలు పెద్దవాళ్లయి వేరే ఊళ్లలో ఉన్నారు. ఆయన ఎనిమిదేళ్లు సైన్యంలో చేశాడు. నడుము, మోకాళ్లు, నిద్ర మూడూ పోయాయి. వీఏ ఆయనకి 70 శాతం డిసెబిలిటీ రేటింగ్ ఇచ్చింది. భార్య ఉంది కాబట్టి నెలకి 1,861 డాలర్లు, ఏడాదికి 22,300 పైన వస్తుంది. ఆవిడ ఒక స్కూలు వంటశాలలో కొన్ని గంటల పని చేస్తుంది, దానికి తొమ్మిది వేలు. ఇంట్లో కుట్టుమిషను ఉంది. యూనిఫారాల మీద పేరుపట్టీలూ బ్యాడ్జీలూ కుడుతుంది, ప్యాంట్లు పొట్టి చేస్తుంది. దాని లెక్క ఒక రూళ్ల నోటుబుక్కులో రాసుకుంది, తేదీతో సహా. మా అమ్మ పాలలెక్క రాసినట్టుగా. ఖర్చులు తీసేస్తే ఐదు వేలు. మొత్తం ఆవిడ సంపాదన 14,000కి కాస్త అటూ ఇటూ.

"ఇన్సూరెన్సు లేదని ఇక్కడ టిక్ పెడితే ఫైన్ వేస్తారా?" అని అడిగింది ఆవిడ. వెయ్యరని చెప్పాను, 2019 నుంచి ఫెడరల్ ఫైన్ సున్నా. ఆవిడకి బీపీ ఉంది, షుగరు మొదలైంది. డాక్టరు దగ్గరికి వెళ్లి రెండేళ్లయింది. బీపీ మాత్రలు సగానికి విరిచి వేసుకుంటోంది. మార్కెట్‌ప్లేస్‌లో మూడుసార్లు దరఖాస్తు పెట్టిందట. మూడుసార్లూ ఒకటే జవాబు: మీ ఆదాయం మరీ తక్కువ, క్రెడిట్ ఇవ్వలేం.

ఆవిడ అది తప్పు ప్రింటయిందని అనుకుంది. ఎవరైనా అలాగే అనుకుంటారు. ఆదాయం తక్కువైతే సాయం ఎక్కువ రావాలి కదా.

తప్పేం లేదు. 2010లో చట్టం రాసినప్పుడు, దారిద్య్రరేఖ చుట్టుపక్కల ఉన్న పేదలందరూ మెడికెయిడ్‌లోకి వెళ్తారనీ, అంతకంటే పైవాళ్లకి క్రెడిట్ ఇస్తే చాలనీ అనుకున్నారు. అందుకని క్రెడిట్‌కి కింద ఒక గీత గీశారు, దారిద్య్రరేఖకి 100 శాతం. 2012లో సుప్రీంకోర్టు మెడికెయిడ్ విస్తరణ రాష్ట్రాల ఇష్టమంది. టెక్సస్ వద్దంది, ఇప్పటికీ వద్దనే అంటోంది. ఇక్కడ చిన్నపిల్లలు లేని, అరవై అయిదు నిండని, వికలాంగులు కాని పేదలకి మెడికెయిడ్ లేదు. గీతకి కింద ఉన్నారు కాబట్టి క్రెడిట్టూ లేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

2024కి ఇద్దరున్న ఇంటికి ఆ గీత 19,720 డాలర్లు. వీళ్లింట్లోకి వచ్చేది దాదాపు 36,000. మరి కింద ఎలా ఉన్నారు?

వీఏ ఇచ్చే డిసెబిలిటీ సొమ్ముకి పన్ను లేదు. సైనికుడి గాయానికి ఇచ్చిన డబ్బులో వాటా అడగడం తప్పని దేశం అనుకుంది, మంచి ఉద్దేశమే. పన్ను లేదు కాబట్టి అది రిటర్నులో ఎక్కడా కనిపించదు. రిటర్నులో కనిపించనిది క్రెడిట్ లెక్కలోకి రాదు. విచిత్రం ఏమిటంటే, ఇదే గాయానికి ఆయన సోషల్ సెక్యూరిటీ వాళ్ల డిసెబిలిటీ తీసుకుంటూ ఉంటే, దాని మీద పన్ను పడకపోయినా ఈ లెక్కకి కలుపుతారు. వీఏ డబ్బుని కలపరు. కలిపి ఉంటే వాళ్లు గీతకి చాలా పైన ఉండేవాళ్లు. అప్పటి రేట్ల ప్రకారం ఆవిడకి మంచి పాలసీ నెలకి నలభై డాలర్ల లోపు వచ్చేది. ఆయనకి చేసిన మర్యాదే ఆవిడ దారికి అడ్డంపడింది.

నేను స్క్రీన్ వాళ్ల వైపు తిప్పి చూపించాను. ఆయన చాలాసేపు చూసి, "అయితే కరెంటు కంపెనీవాడికి తెలుసా, ఆ డబ్బు లేదని?" అన్నాడు.

ఇంకోటి కూడా చెప్పాలి, ఆ రోజు వాళ్లతో అనలేకపోయాను. చట్టబద్ధంగా ఉంటున్న విదేశీయులకి, వీసా వల్ల మెడికెయిడ్ దొరకనివాళ్లకి, ఆదాయం గీత కింద ఉన్నా అప్పట్లో క్రెడిట్ ఇచ్చేవాళ్లు. అంటే నాలాంటి హెచ్-4 మనిషి భర్తకి ఉద్యోగం ఊడి, సంపాదన పది వేలకి పడిపోతే, నాకు వచ్చేది. ఇక్కడే పుట్టి, ఎనిమిదేళ్లు భర్తని సైన్యానికి పంపిన ఆవిడకి రాదు. 2026 నుంచి మాకూ తీసేశారు. ఆవిడకి ఇవ్వడం ద్వారా కాదు, మాకు తీసెయ్యడం ద్వారా సమానం చేశారు.

రాత్రి నాన్నకి ఫోన్లో ఇదంతా చెప్పాను. ఆయనకి ఈసీహెచ్ఎస్ కార్డు ఉంది. మాజీ సైనికుల కోసం 2003 ఏప్రిల్‌లో మొదలైన పథకం. అమ్మకీ ఉంది కార్డు. పెన్షనర్ భార్య అంటే చాలు, ఆమె సంపాదన ఎంతని ఎవరూ అడగరు. "అయితే మనదే నయం" అన్నాడు నాన్న. అని ఒక్క నిమిషం కూడా కాకముందే, కిందటేడు అమ్మ మోకాలికి ఒక ప్రైవేటు ఆసుపత్రి కార్డు చూసి, బిల్లులు బకాయి ఉన్నాయి, ముందు డబ్బు కట్టమన్న సంగతి ఎత్తుకున్నాడు. తర్వాత తనతో చేరి, పదిహేనేళ్లు నిండకుండా ఇంటి ఇబ్బందుల వల్ల వచ్చేసిన స్నేహితుడి మాట. పెన్షన్ లేదు కాబట్టి ఆయనకి కార్డూ లేదు. అక్కడ పదిహేనేళ్ల గీత, ఇక్కడ ఇరవై ఏళ్ల గీత. నాన్నకి ఆ గీత అన్యాయం అనిపించదు. "సర్వీసు సర్వీసే కదమ్మా" అంటాడు. కానీ భార్యని డబ్బు లెక్కతో ముడిపెట్టడం మాత్రం ఆయనకి అర్థం కాలేదు. "ఆ డబ్బుతోనే కదా ఇద్దరూ తింటున్నారు" అని రెండుసార్లు అన్నాడు.

మళ్లీ ఆ లైబ్రరీ గదికి వస్తాను. ఆవిడ నన్నడిగింది: "నోటుబుక్కులో ఆరు వేలు ఎక్కువ రాస్తే?"

రాయలేనని చెప్పాను. లేని ఆదాయం రాసి సంతకం పెట్టడం, ఉన్నది దాచడం, రెండూ ఒకే రకం నేరం. ఆదాయం దాచేవాళ్లని చూశాను. లేనిది రాసి పన్ను కడతానని బతిమాలిన మనిషిని అదే చూడటం. అయినా 2024 అయిపోయింది, ఆ ఏడాది పాలసీయే లేదు కాబట్టి క్రెడిట్ ఎలాగూ ఉండదు. 2025 సంగతే చూడాలి.

అప్పటికి వాళ్లకి దారులు రెండున్నాయి. ఈ ఆరోగ్యంతో ఆయన ఏ ఉద్యోగమూ నిలబెట్టుకోలేడని వీఏ ముందు నిరూపించుకుంటే, రేటింగ్ 70 అయినా 100 శాతం సొమ్ము ఇస్తారు. అది శాశ్వతమని తేలిస్తే భార్యకి 'చాంప్‌వీఏ' అనే వైద్యసాయం వస్తుంది. ఆ కాగితాలు మేము చెయ్యకూడదు. కౌంటీ ఆఫీసులో వెటరన్ల పని చూసే ఆఫీసరు ఉంటాడు, ఆయన ఉచితంగా చేసిపెడతాడు. తేలడానికి నెలలు పట్టొచ్చు. రెండోది పూర్తిగా ఎదురుదారి: ఆయన ఏదో కొంచెం పని చేసి, లెక్కలోకి వచ్చే డబ్బు తేవడం. బొత్తిగా పని చేయలేనని తేలితే ఆవిడకి వైద్యం ఉంది. పని చేస్తే ఉంది. మధ్యలో, నొప్పితో, ఇచ్చిన దాంతో సర్దుకుని బతికితే లేదు.

ఆయన మొదటి దారి వినగానే కుర్చీ వెనక్కి జరిపాడు. "పనికిరానని నేనే రాసివ్వాలా?" అన్నాడు. ఆవిడ ఆయన చెయ్యి మీద చెయ్యి వేసింది, ఏం మాట్లాడలేదు. నేను ప్రింటరు చూసే వంకతో లేచాను. ఆ మాట మా నాన్న అన్నా ఆశ్చర్యపోను.

తిరిగొచ్చేసరికి ఆయనే అడిగాడు, "గీత ఎంతన్నావు?"

2025కి ఇద్దరికీ 20,440 డాలర్లు. ఆవిడ 14,000 పోగా 6,440. దారిద్య్రరేఖకి ఒకటిన్నర రెట్ల లోపు ఉన్నవాళ్లు అప్పట్లో ఏ నెలలోనైనా పాలసీలో చేరొచ్చు, నవంబరు దాకా ఆగక్కర్లేదు (ఆ సౌకర్యం అదే ఏడాది ఆగస్టులో పోయింది). నిజాయితీగా వేసుకున్న అంచనా చివరికి కాస్త తగ్గినా, క్రెడిట్ వెనక్కి లాక్కోరు. ఆయన పని చేసినంత మాత్రాన రేటింగూ పోదు. దరఖాస్తు నింపడానికి ఉచితంగా సాయం చేసేవాళ్ల నంబరు రాసిచ్చాను.

ఆయన నోటుబుక్కు తీసుకుని వెనక అట్ట మీద 6,440 అని వేశాడు. తెలిసినవాడు ఒకడు గోడౌన్ దగ్గర రాత్రి కాపలాకి పిలుస్తున్నాడట, గంటకి పదిహేను డాలర్లట. భాగారం ఆయనే చేశాడు, నన్ను కాలిక్యులేటర్ తియ్యనివ్వలేదు. నాలుగు వందల ముప్ఫై గంటలు.

"కూర్చునే పనేనా?" అని అడిగింది ఆవిడ.

"కుర్చీ ఉంటుందన్నాడు" అన్నాడాయన.