నీళ్లు మోసిన సైనికుడు

నేను హైస్కూల్లో సోషల్ చెబుతున్న రోజులవి. బెంగళూరులో ఉండే మా చిన్నాన్న వేసవి సెలవులకు వస్తూ ఎయిర్‌ఫిక్స్ కంపెనీ వాళ్ల అతికించే ప్లాస్టిక్ బొమ్మల పెట్టె ఒకటి తెచ్చాడు. అందులో నెపోలియన్ కాలపు ఫ్రెంచి సైనికుడు విడి ముక్కలుగా ఉన్నాడు. తల వేరు, చేతులు వేరు, తుపాకి వేరు, వీపున తగిలించుకునే సంచి వేరు. చట్రం నుంచి ఒక్కో ముక్కా కత్తిరించి, అంచులు గీకి, జిగురుతో అతికిస్తే వేలెడంత మనిషి లేచి నిలబడ్డాడు. గుండీలకు ఏ రంగు వేయాలో, కోటు అంచుకు ఏ రంగు వేయాలో కాగితం మీద అచ్చువేసి ఇచ్చారు.

ఆ బొమ్మను తరగతికి తీసుకెళ్లాను. పిల్లలు చుట్టూ మూగారు. 1815లో వాటర్లూ దగ్గర ఓడిపోయిన సైన్యంలోని మామూలు సిపాయిని విదేశాలవాళ్లు గుండీలతో సహా గుర్తుపెట్టుకున్నారు. మా ఊరికి యాభై కిలోమీటర్ల దూరంలో ఉన్న గుత్తి కోటలో పోరాడినవాళ్లు ఎలా ఉండేవారో మా పిల్లలకు చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆ లోటు నన్ను నిలవనీయలేదు. నాకు దొరికిన ఏ పెట్టెలోనూ గుత్తి సైనికుడు లేడు కాబట్టి సొంతంగా చేయాలనుకున్నాను.

గుత్తి కోట మామూలు కోట కాదు. చుట్టూ ఉన్న మైదానానికి దాదాపు 300 మీటర్ల ఎత్తున బండరాతి కొండ మీద ఉంటుంది. విజయనగర రాజు మొదటి బుక్కరాయల శాసనం దాన్ని కోటలకు రాజు అంది. తర్వాతి కాలంలో మరాఠా నాయకుడు మురారి రావు ఘోర్పడే దాన్ని ఏలాడు. 1751లో ఆర్కాటు ముట్టడిలో ఇంగ్లీషు సేనాని క్లైవు చిక్కుకున్నప్పుడు సాయంగా కదిలింది ఆయన గుర్రపు దళమే. కొండ అంచున ఆయన కూర్చునే చిన్న మంటపాన్ని ఇప్పటికీ మురారి రావు గద్దె అంటారు. అక్కడ నిలబడితే పల్లెలూ చేలూ అన్నీ కనబడతాయి.

అంతటి కోట 1776లో మైసూరును ఏలుతున్న హైదర్ అలీ ముట్టడించడంతో అతని చేతికి చిక్కింది. కొండ మీద నీళ్లు అయిపోవడంతో మురారి రావు లొంగిపోక తప్పలేదు. ఆయన్ను ఖైదుచేసి తీసుకుపోయారు. చివరికి కబ్బాలదుర్గంలో చనిపోయాడు. గుత్తి కొండ మీద ఎన్నో బావులు, రాతిలో తొలిచిన కుంటలు ఉన్నాయి. సెలవు రోజున ఎక్కి అడుగంటిన ఒక కుంటలోకి చూస్తూ ఉన్నప్పుడు, ముందుగా ఎవరి బొమ్మ చేయాలో తేలిపోయింది. గుర్రం మీది సర్దారుదీ కాదు, ఫిరంగి పేల్చేవాడిదీ కాదు. కావడితో నీళ్లు మోసేవాడి బొమ్మ చేయాలి. ఆ కోటను నిలబెట్టింది వాడు మోసిన నీళ్లే.

ఆ కాలపు బట్టల సంగతి తెలుసుకోవడానికి శ్రీరంగపట్నం వెళ్లాను. 1784లో హైదర్ కొడుకు టిప్పు కట్టించిన దరియా దౌలత్ మహలు గోడ మీద పొల్లిలూరు యుద్ధం చిత్రం ఉంది. హైదర్, టిప్పులు ఇంగ్లీషువాళ్లతో చేసిన 1780 నాటి ఆ యుద్ధం బొమ్మలో తలపాగాలు, నడికట్లు, డాళ్లు, గుర్రాల జీనులు వరసలు వరసలుగా కనబడతాయి. గుత్తి ముట్టడికీ ఆ యుద్ధానికీ మధ్య నాలుగేళ్లే. నోటుబుక్కు నిండా గీసుకొచ్చాను. లేపాక్షి గుడి పైకప్పు చిత్రాలు అంతకు రెండు వందల ఏళ్లకు పైగా ముందువి. అయినా నడుము దగ్గర గుడ్డ ఎలా మడత పడుతుందో వాటిని చూసే నేర్చుకున్నాను.

నడక మాత్రం ఏ చిత్రంలోనూ దొరకలేదు. మా వీధిలో ఒక ముసలాయన ఉండేవాడు. వయసులో ఉన్నప్పుడు కావడితో నీళ్లు మోసినవాడు. వెళ్లి అడిగాను.

"తాతా, కావడి ఎత్తుకున్నోడు ఎట్ల నడుస్తాడు?"

"కుండలు తొణక్కుండా పోవల్లంటే మోకాళ్లు రవ్వంత వంచి, పొట్టి పొట్టి అడుగులేయల్ల సారూ. కట్టె మీద చెయ్యి ఊరికే ఆనించల్ల. బిగించి పట్టుకుంటే కుండలు ఊగుతాయి."

మాటతో ఆపకుండా ఒక కర్ర భుజాన వేసుకుని వాకిట్లో అటూ ఇటూ నడిచి చూపించాడు. భుజం ఒక పక్కకు వాలడం, మెడ దానికి ఎదురు తిరగడం, కాలి బొటనవేలు నేలను పట్టుకోవడం దగ్గర కూర్చుని గీసుకున్నాను.

బొమ్మకు 54 మిల్లీమీటర్ల కొలత తీసుకున్నాను. 1893లో ఇంగ్లండులో బ్రిటన్స్ కంపెనీ బోలు సీసం సిపాయిలను పోతపోయడం మొదలుపెట్టాక స్థిరపడిన కొలత అది. ఎముకల గూడుకు తీగ కావాలి. అనంతపురంలో కాలిపోయిన బోరు మోటార్లు విప్పే షాపులకు కొదవ లేదు. అక్కడే రాగి తీగ తెచ్చుకున్నాను. ఒంటికి ఎంసీల్ వాడాను. రెండు ముద్దలూ కలిపి పిసికాక అది గట్టిపడేలోపే కండరం, పంచె మడత సూదిమొనతో తీర్చాలి. కావడి బద్ద చీపురుపుల్ల. తాళ్లు కుట్టుదారం. తలపాగా అంచుకు ధర్మవరం నేతగాడొకాయన ఇచ్చిన జరీ పోగు చుట్టాను.

మా ఎండల్లో రంగులు వేయడం ఒక విద్య. ఏప్రిల్ మధ్యాహ్నం అక్రిలిక్ రంగు కుంచె మీదే ఎండిపోతుంది. తడి స్పాంజి మీద బటర్ పేపరు పరిచి దాని మీద రంగు పెట్టుకున్నాను. తెల్లవారుజామున, గాలి లేవకముందే కూర్చునేవాణ్ణి. మొదట బూడిదరంగు ప్రైమరు. తర్వాత ఒంటిరంగు. ఎర్ర గోధుమకు గోపీచందనం రంగు కలిపితే మా సీమ మనిషి ఒళ్లు వస్తుంది. నీడలకు నలుపు పనికిరాదు, ఒంటిని చంపేస్తుంది. ముదురు గోధుమ నీళ్లలా పలుచన చేసి మడతల్లోకి వదలాలి. పంచెకు కూడా పచ్చి తెలుపు కాదు. మట్టిరంగుతో మొదలుపెట్టి, ఎండ తగిలే చోట్ల మాత్రమే తెలుపు తేవాలి. కళ్లు ఆఖరున వేశాను. గుత్తి కొండ కింది ఎర్రమట్టిని పలుచని గుడ్డలో జల్లించి, ఫెవికాల్‌తో పీఠానికి అతికించాను. మిగిలిన పొడిని పొడి కుంచెతో పంచె అంచుకూ పాదాలకూ అద్దాను. దాంతో బొమ్మ ఈ నేల మనిషి అయింది.

దాన్ని తరగతిలో బల్ల మీద పెట్టి గుత్తి పాఠం చెప్పాను. పిల్లలు కత్తి ఎక్కడ అని అడగలేదు. "సార్, ఆ కుండలో నీళ్లు ఎంతమందికి వచ్చేవి?" అని అడిగారు. రోజూ ఇంట్లో బిందెలు లెక్కపెట్టుకునే పిల్లలు వాళ్లు. కోట ఎందుకు పడిపోయిందో నేను చెప్పకముందే వాళ్లే చెప్పారు. ఇన్నేళ్ల నా బడి జీవితంలో అంతకంటే మంచి పాఠం జరగలేదు. తర్వాత కొందరు పిల్లలు బంకమట్టితో గుత్తి బావులు చేసి తెచ్చారు. ఒక అమ్మాయి కుండ నెత్తిన పెట్టుకున్న ఆడమనిషిని చేసింది. సైన్యంతో పాటు ఆడవాళ్లు కూడా దాహంతో ఉండి ఉంటారని ఆ అమ్మాయే అంది.

సోషల్ చెప్పే మాస్టర్లందరికీ నాదొక మనవి. విదేశీ పెట్టెలు కొనండి, వాటితో అతకడం, రంగు వేయడం నేర్చుకోండి. పని చేతికి వచ్చాక మీ ఊరి కోటనో, మీ ఊరి చెరువునో కాపాడిన మనిషిని చేయండి. రాజుల బొమ్మలు చేసేవాళ్లు చాలామంది ఉన్నారు. నీళ్లు మోసినవాళ్ల బొమ్మలు మనమే చేయాలి.