‘పెళ్లైతే అదే తగ్గిపోతుంది!’

గైనకాలజిస్ట్ దగ్గరికి వెళ్లినప్పుడల్లా నన్ను మొదట అడిగే ప్రశ్న ‘పెళ్లైందా?’ అనే. కాలేదు అన్నానంటే ఇక తర్వాతి మాటలన్నీ పక్కనున్న అమ్మతోనే. “సంబంధాలు చూస్తున్నారా అమ్మా? త్వరగా చూడండి. ఒక కాన్పు అయితే ఇవన్నీ సర్దుకుంటాయి.” నాకు 28 ఏళ్లు. బీటెక్ చేశా, సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఆరేళ్లు నిండాయి, ఆ కన్సల్టేషన్ ఫీజు ఫోన్‌పేలో కట్టింది కూడా నేనే. నొప్పి నాది, డబ్బులు నావి, సలహా మాత్రం అమ్మకి!

మాది చాట్రాయి. నూజివీడు రసాలు అంటారు చూడండి, ఆ తోటల వైపే. జిల్లాలు మారాక 2022 నుంచి ఏలూరు జిల్లాలోకి వెళ్లాం గానీ, ఒంట్లో బాగోకపోతే మా వాళ్ల కాళ్లు ఇప్పటికీ విజయవాడ వైపే నడుస్తాయి. నేను నెలలో సగం రోజులు హైదరాబాద్‌లో, సగం రోజులు ఇంటి నుంచే పని.

నొప్పి తొమ్మిదో తరగతిలో మొదలైంది. పొత్తికడుపులో ఎవరో తడి బట్టని పిండుతున్నట్టు ఉండేది. మొదట్లో ఒక రోజే. ఇంజనీరింగ్‌కి వచ్చేసరికి నాలుగు రోజులు. తర్వాత నెలసరి లేని రోజుల్లోనూ నడుము, తొడలు లాగేయడం, బాత్రూమ్‌కి వెళ్తే లోపల కోసినట్టు ఉండటం. ఇంట్లో చెబితే ‘ఆడపిల్లకి ఆ మాత్రం ఉంటుంది’ అన్నారు. మా ఇంట్లో నెలసరి గురించి అందరూ గట్టిగా పట్టించుకునే విషయం ఒక్కటే, ఆవకాయ జాడీ ముట్టుకోకూడదని.

మూడేళ్లలో ముగ్గురు డాక్టర్లని చూశా. ముగ్గురూ పొట్ట మీద నుంచి స్కాన్ చేయించారు. ముగ్గురూ ‘నార్మల్’ అన్నారు. లోపలి నుంచి చేసే స్కాన్ ఒకటుంటుందని, అందులో ఇంకాస్త బాగా కనిపిస్తుందని నాకెవరూ చెప్పలేదు. పెళ్లికాని అమ్మాయి కదా, అడగడమే తప్పనుకుంటారు. వద్దనే హక్కు నాకుంది, కానీ వద్దనాలన్నా ముందు అదొకటి ఉందని తెలియాలిగా! మా ఆఫీసులో ఎవరైనా బగ్ రిపోర్ట్ చేస్తే ‘నా సిస్టమ్‌లో రావట్లేదు’ అని టికెట్ క్లోజ్ చేసేవాళ్లు ఉంటారు. నా కడుపు నొప్పి టికెట్ అలా మూడుసార్లు క్లోజైంది.

నాలుగో డాక్టరమ్మ పెళ్లి గురించి అడగలేదు. “మోషన్‌కి వెళ్లినప్పుడు నొప్పి ఉంటుందా?” అన్నారు. ఉంటుంది అని చెప్పేలోపే నాకు కళ్లలో నీళ్లొచ్చాయి. ఎమ్మారై తీశారు. ఎండోమెట్రియోసిస్. గర్భసంచి లోపలి పొరలాంటి కణజాలం బయట, అంటే అండాశయాల మీద, పేగుల దగ్గర పెరగడం. అక్కడ వాపు వస్తుంది, పక్కపక్క అవయవాలు అతుక్కుపోతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పిల్లల్ని కనే వయసు ఆడవాళ్లలో దాదాపు 10 శాతం మందికి ఇది ఉంటుంది. అంటే మన ఊరి బస్సులో ఆడవాళ్ల సీట్లన్నీ నిండితే అందులో ఒకరో ఇద్దరో. మామూలు స్కాన్ నార్మల్‌గా వచ్చినా ఇది ఉండొచ్చు.

ఇక ‘ఒక కాన్పు అయితే’ మాట. ఐరోపా సంతాన సాఫల్య నిపుణుల సంఘం ఎష్రే 2022లో ఇచ్చిన మార్గదర్శకాల్లో దీనికి సూటిగా జవాబుంది: కేవలం ఎండోమెట్రియోసిస్ తగ్గుతుందని చెప్పి గర్భం దాల్చమని సలహా ఇవ్వకూడదు. అది చదివాక అమ్మకి తెలుగులో చెప్పా. అమ్మ కాసేపు ఆలోచించి, “మరి ఆ డాక్టర్లకి తెలీదా?” అంది. ఏం చెప్పను?

జబ్బుకి పేరు దొరికితే కష్టాలు అయిపోతాయనుకున్నా. డైనోజెస్ట్ అనే హార్మోన్ మాత్ర మొదలుపెట్టారు, రోజుకొకటి. నొప్పి సగానికి సగం తగ్గింది. కానీ వారాల తరబడి కొంచెం కొంచెం బ్లీడింగ్, పొద్దున్నే లేవాలంటే ఎందుకో తెలియని దిగులు. ఈలోగా ఆ డాక్టరమ్మ వేరే ఊరు వెళ్లిపోయారు. ఆ కుర్చీలోకి కొత్తగా వచ్చినావిడ నా మాట పూర్తవకుండానే, “మాత్ర వల్ల కాదమ్మా, మీ కంప్యూటర్ ఉద్యోగాల స్ట్రెస్” అన్నారు. ఈ రెండూ మాత్రతో రావొచ్చని రాసుందండీ అన్నా. “గూగుల్ చూసి వచ్చావా?” అన్నారు. లేదు మేడమ్, మీరు రాసిన మాత్రల డబ్బాలో మడతపెట్టిన కాగితం చూసి వచ్చా. ఆ కాగితమే బల్ల మీద పెట్టా. ఆవిడ దాన్ని పక్కకి జరిపి అదే మాత్ర ఇంకో మూడు నెలలకి రాశారు.

ఇదంతా ఇంటికొచ్చి చెబుతుంటే మా పిన్ని నవ్వింది. “నీకు పిల్లల్లేరని పట్టించుకోలేదు. నాకు పిల్లలున్నారని తీసేశారు” అంది.

పిన్ని మామిడి యార్డులో కాయ గ్రేడింగ్‌కి వెళ్లేది. తెల్లబట్ట, నడుం నొప్పి అని ఆసుపత్రికి వెళితే, ఇద్దరు పిల్లలు పుట్టేశారుగా, ఇంక గర్భసంచితో పనేముంది, ఉంచితే క్యాన్సర్ అవుతుందన్నారట. అప్పుడు పిన్నికి 33. బాబాయి తోట కౌలు అడ్వాన్సు తెచ్చి కట్టాడు. మా వీధిలోనే ఇలాంటివాళ్లు నలుగురైదుగురు ఉన్నారు. మా వీధి కథ అనుకుంటే పొరపాటు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల మధ్య ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం అయితే, మన ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. అనవసరపు గర్భసంచి ఆపరేషన్లని ఆపే మార్గదర్శకాలని మూడు నెలల్లో అమలుచేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నిటికీ చెప్పాల్సి వచ్చింది.

పిన్ని మాట నన్ను వదల్లేదు. ఆవిడ జబ్బు వేరు, నాది వేరు. కానీ ఇద్దరినీ తూచిన తక్కెడ ఒకటే, పిల్లలు అయ్యారా, ఇంకా అవ్వాలా అన్నదే. ఎంత నొప్పి, ఎన్ని రోజులుగా, ఏ పని ఆగిపోతోంది అన్నవి ఆ లెక్కలోకే రాలేదు.

సమీరా కోహ్లీ కేసు గురించి అప్పుడే చదివా. 1995, ఢిల్లీ. 44 ఏళ్ల పెళ్లికాని మహిళ, అధిక రక్తస్రావం అని వెళ్లారు. లాప్రోస్కోపీ పరీక్ష కోసం మత్తు ఇచ్చారు. ఎండోమెట్రియోసిస్ ఉందంటూ బయట కూర్చున్న వాళ్ల అమ్మని అడిగి, గర్భసంచి, అండాశయాలు అన్నీ తీసేశారు. అమ్మ ఒప్పుకుంటే చాలదు, మత్తు దిగాక ఆవిడనే అడగాల్సిందని సుప్రీంకోర్టు 2008 జనవరిలో తేల్చింది. పరిహారం 25 వేలు. 13 ఏళ్ల పోరాటానికి ఆ మొత్తం నాకైతే మింగుడు పడలేదు గానీ, ‘అమ్మ ఒప్పుకుంటే చాలదు’ అన్నది మాత్రం బాగా గుర్తుండిపోయింది.

ఆ తర్వాత డాక్టర్ గదిలోకి ఒక్కదాన్నే వెళ్తున్నా. అమ్మ బయట కూర్చుంటుంది, మొదట అలిగింది, ఇప్పుడు సీరియల్ చూసుకుంటుంది. నా రికార్డులన్నీ కావాలని రాతపూర్వకంగా అడిగా. రోగి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్యవృత్తి నిబంధనల్లోనే ఉంది. రిసెప్షన్‌లో ‘ఎందుకండీ, కేసేస్తారా?’ అన్నారు, రెండో రోజుకి ఇచ్చారు. ఆ ఫైల్ పట్టుకుని సెకండ్ ఒపీనియన్‌కి వెళ్లా. మాత్ర మార్చారు, దిగులు తగ్గింది. బ్లీడింగ్ ఇంకా పూర్తిగా ఆగలేదు.

నా ఫైల్ చూసి పిన్ని తన ట్రంకు పెట్టెలోంచి ఓ కవర్ తీసుకొచ్చింది. 17 ఏళ్ల నాటిది, అంచులు ఎలుకలు కొట్టేశాయి. ఆసుపత్రివాళ్లు రికార్డులు మూడేళ్లు దాస్తే చాలు, కాబట్టి అక్కడ అడిగినా ఇప్పుడు ఉండవు. “ఇందులో ఏం రాశారో చదవవే, ఇంతవరకూ ఎవరూ చదివి చెప్పలేదు” అంది. డిశ్చార్జ్ కాగితం మీద ‘టీఏహెచ్ విత్ బీఎస్ఓ’ అని ఉంది. రెండుసార్లు చదివా. గర్భసంచి ఒక్కటే కాదు, రెండు అండాశయాలూ తీసేశారు. 33 ఏళ్లకే మెనోపాజ్ అన్నమాట. ఎముకలు త్వరగా గుల్లబారతాయి, గుండెకీ మంచిది కాదు. హార్మోన్ల గురించి ఆవిడకి ఎవరూ ఒక్క ముక్క చెప్పలేదు.

పిన్ని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆపరేషన్ అయిన కొత్తలో రాత్రిళ్లు ఒళ్లంతా ఆవిర్లు వచ్చి, చలికాలంలో కూడా వాకిట్లో పడుకునేదట. పని తప్పించుకోవడానికి వేషాలని నానమ్మ వరసావిడ అనేదట.

“అయితే అవి నా వేషాలు కాదన్నమాట” అంది చివరికి.

వచ్చే మంగళవారం పిన్నికి ఎముకల డెక్సా స్కాన్. నా ఫాలోఅప్ కూడా అదే రోజుకి మార్చుకున్నా. పొద్దున బస్సుకి ఇద్దరం బయల్దేరుతున్నాం.