అన్నిటికన్నా పెద్ద నలుసు

పిల్లలూ! అమ్మ చేటలో బియ్యం ఏరుతుంటే మీరు చూసే ఉంటారు. అన్నంలో సన్నని ఇసుక ఎంత ఉన్నా పన్ను విరగదు. ఒక్క పెద్ద రాయి చాలు! ఉక్కు సంగతీ అంతే.

మాది చోడవరం. 2022 దాకా విశాఖపట్నం జిల్లాలో ఉండేది, ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉన్నది. చుట్టూ చెరకు తోటలే. నా చిన్నతనంలో ఒకనాడు మా తాతగారి చెరకు గానుగ ఇరుసు ఫెళ్ళున విరిగింది. చెరకు పెడుతున్న అన్నయ్య చేతికి వెంట్రుకవాసిలో ప్రమాదం తప్పింది.

"నిన్నటిదాకా బాగానే తిరిగిందిరా!" అని తాతగారు తల పట్టుకున్నారు.

విరిగిన చోట చూద్దును గదా, నీళ్ళలో రాయి వేసినప్పటి అలల్లాగా, ఒక చిన్న చుక్క చుట్టూ సన్నని గీతలు కనిపించాయి.

అలాంటి చుక్కలో తరచు ఒక నలుసు దాగి ఉంటుందని పెద్దయ్యాక తెలిసింది. బెల్లం వండేటప్పుడు సున్నం వేస్తే మడ్డి పైకి తేలుతుంది, దాన్ని తీసేస్తారు. అలాగే, కరిగిన ఉక్కులో మిగిలిన ప్రాణవాయువును తొలగించడానికి అల్యూమినియం వేస్తారు. ఆ రెండూ కలిసి గట్టి నలుసులవుతాయి. చాలామటుకు పైనున్న చిట్టెంలోకి తేలిపోతాయి, కొన్ని లోపలే చిక్కుకుంటాయి. ఇరుసు లక్షలసార్లు తిరిగేసరికి, పెద్ద నలుసు దగ్గర పగులు పుట్టి, ఎవరికీ తెలియకుండా పెరుగుతుంది.

మరి ఆ పెద్ద నలుసు ఎంతుంటుందో తెలిసేదెలా? ఉక్కునంతా కోసి చూస్తే ఇరుసే మిగలదు! అందుకు గణితంలో ఒక ఉపాయం ఉన్నది. బస్తాలో వేర్వేరు చోట్ల నుంచి 20 గుప్పిళ్ళ బియ్యం తీయండి. ప్రతి గుప్పిట్లోనూ అన్నిటికన్నా పెద్ద రాయిని మాత్రమే కొలవండి. ఆ 20 కొలతలనూ చిన్నదాని నుంచి పెద్దదాని దాకా వరుసగా పేర్చి, తగిన కాగితం మీద గుర్తిస్తే దాదాపు తిన్నని గీత వస్తుంది. దాన్ని ముందుకు పొడిగిస్తే, బస్తా మొత్తంలో పెద్ద రాయి సుమారు ఎంతుంటుందో తెలుస్తుంది.

జర్మనీలో పుట్టిన గుంబెల్ అనే గణితవేత్త ఇలాంటి లెక్కల మీద 1958లో ఒక గ్రంథమే ప్రచురించాడు. పెద్ద వరదలను అంచనా వేయడానికీ ఇదే లెక్క పనికివస్తుంది. జపాను శాస్త్రజ్ఞుడు మురకామి దీన్ని ఉక్కుకు అన్వయించాడు. నునుపు చేసిన ఉక్కు ముక్కను సూక్ష్మదర్శినిలో చూస్తూ, ఒక్కొక్క గడిలో పెద్ద నలుసును మైక్రాన్లలో కొలుస్తారు. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు!

ఇది అంచనాయే గాని జోస్యం కాదు. ఎన్ని ఎక్కువ గుప్పిళ్ళు చూస్తే అంత నమ్మకం. అందుకే మా అన్నయ్య ఇప్పటికీ, తిరిగే యంత్రానికి బారెడు దూరంలోనే నిలబడతాడు. మీరూ అలాగే నిలబడండి!