పెట్టెకు మాట వచ్చిన రోజు

కంప్యూటర్లు బాగుచేసేవాడికి ఊళ్లో డాక్టరుకున్నంత మర్యాద జరుగుతుంది. ఫీజు దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరూ బంధువులే. నందిగామలో నాకు అటువంటి బంధువులు చాలామంది. వారిలో ఒకాయన కిందటేడు కార్తీకమాసంలో ఫోను చేశాడు. జగ్గయ్యపేట అవతల ఒక సిమెంటు కర్మాగారం ప్రయోగశాలలో పాత కంప్యూటరు చచ్చిపోయిందట. కొత్తది కొన్నారు గాని, రాతిని పరీక్షించే యంత్రం దానితో మాట్లాడటం లేదట. "సాఫ్ట్‌వేరు పెట్టేసి పోదువుగాని, రా" అన్నాడు. పెట్టేసి పోవడమే గదా అని బస్సెక్కాను.

2022 నుంచి మాది ఎన్‌టీఆర్ జిల్లా. కాగితాల మీద అలాగే రాస్తున్నాం గాని, నోటికి మాత్రం ఇంకా కృష్ణా జిల్లా మెట్టప్రాంతమనే వస్తుంది. దారి పొడుగునా పత్తి, మిరప చేలు. జగ్గయ్యపేట దాటితే సున్నపురాయి. అటువంటి రాతిపలకల మీదే పూర్వం జగ్గయ్యపేట స్తూపానికి బొమ్మలు చెక్కారు. వాటిమీద బర్జెస్ దొర 1887లో పుస్తకం అచ్చువేశాడు. ఇప్పుడు ఆ రాయి సిమెంటవుతోంది.

యంత్రం బీరువాలో సగం ఉంది. రాతిపొడిని బిళ్లగా నొక్కి అందులో పెడితే, ఎక్స్ కిరణాలు తగిలి ప్రతి మూలకమూ తన సొంత కిరణాన్ని విసురుతుంది. ఆ విసురు ఎంతో చూసి, లోపల ఏది ఎన్ని పాళ్లో సాఫ్ట్‌వేరు లెక్కకడుతుంది.

యంత్రానికి వెనక ఉన్నది తొమ్మిది పిన్నుల పాతకాలపు సాకెట్టు. ఆర్‌ఎస్-232 అనే ఆ కట్టుబాటు 1960లో పుట్టింది. కొత్త కంప్యూటరుకు ఆ సాకెట్టే లేదు. మధ్యన యూఎస్‌బీ మార్పిడి తీగ తగిలించాను. కంప్యూటరు దానికి 7వ నెంబరు ఇచ్చింది. సాఫ్ట్‌వేరేమో నాలుగు దాటి వెతకదు. నెంబరు 3కు మార్చాను. అప్పుడు యంత్రం నోరు తెరిచింది గాని, తెర మీద పిచ్చిగీతలు పడ్డాయి. ఇటు సెకనుకు 9600 వేగంతో వింటుంటే, అటు 4800 వేగంతో చెబుతోంది. అదీ సరిచేశాను. మధ్యాహ్నం మూడున్నరకు అంకెలు వచ్చాయి: సున్నం 52 పాళ్లు.

అందరూ భేష్ అన్నారు. నేను సంతకానికి కాగితం తీశాను. మూలనున్న పెద్ద కెమిస్టుగారు కళ్లజోడు సర్దుకుని, "అబ్బాయ్, 52 రాదు" అన్నారు.

"యంత్రమే చెబుతోంది గదండీ!"

"పరిశుద్ధమైన సున్నపురాతిలోనే సున్నం 56 పాళ్లు. మన రాతిలో మట్టీ ఇసుకా ఎంతున్నాయో ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను. కూర్చో."

ఆ పొడినే ఆమ్లంలో కరిగించి, క్షారం కలిపి, రంగుమందు వేసి, బ్యూరెట్టుతో ఈడీటీఏ ద్రావణం బొట్టుబొట్టుగా వదిలారు. ఎరుపు కాస్తా నీలమైంది. లెక్కవేస్తే 45.

నా ముఖం వెలవెలబోయింది. తప్పు ఎక్కడో అప్పుడు తెలిసింది. కిరణాల లెక్కను పాళ్లలోకి మార్చడానికి, శాతం తెలిసిన నమూనాలతో ఒక గీత గీసుకోవాలి. వీళ్లు గీసుకున్నది పాత కంప్యూటరుతోపాటే పోయింది. సాఫ్ట్‌వేరు తనతో తెచ్చుకున్న గీత వాడుతోంది. ఆ 52ను నమ్మి మిశ్రమం కలిపితే, బట్టీలోకి సున్నం తక్కువ పోతుంది. సిమెంటుకు బలం తగ్గుతుంది. ఆ బస్తాలతో ఎవరో అప్పుచేసి ఇల్లు కట్టుకుంటారు. శ్లాబు కింద పిల్లలు పడుకుంటారు. నేనేమో అయిదు గంటల బస్సు కోసం చూస్తున్నాను!

ఆయన సొరుగులోంచి నూనెమరకల నోటుపుస్తకం తీశారు. పాత గీత అంకెలన్నీ తన చేతిరాతతో ఎక్కించి పెట్టుకున్నారు. ఆయన చదువుతుంటే నేను టైపు చేశాను. అదే బిళ్ల మళ్లీ పెడితే 45.2 వచ్చింది. శాతం తెలిసిన మరో మూడు నమూనాలు పెట్టి చూసేదాకా ఆయన సంతకం చెయ్యలేదు.

బస్సు ఎలాగూ పోయింది. ఆయనే టీ ఇప్పించారు. ఆనాటి నుంచి ఎక్కడికి వెళ్లినా, యంత్రం మాట్లాడగానే కాగితం తియ్యను; జవాబు ముందే తెలిసిన ప్రశ్న ఒకటి దాన్ని అడిగించి చూస్తాను.

ఫీజు సంగతంటారా? టీ తాగుతూ ఊళ్లు కలుపుకుంటే, కెమిస్టుగారు మా మేనత్తకు వియ్యాలవారని తేలింది.