అవ్వ చెప్పని కూర

మేము చిన్నగా ఉన్నప్పుడు మా గూడేనికి తూకం పట్టుకొని ఇద్దరు సార్లు, ఒక మేడం వచ్చారు. ఉట్నూరు రోడ్డు మీద జీపు ఆపి, వాగు దాటి నడిచి వచ్చారు. పొయ్యి మీది గట్కను తూచారు. పిల్లల దండచేతికి టేపు చుట్టి కొలిచారు. వేలు పొడిచి నెత్తురు చుక్క తీసుకున్నారు. తర్వాత మా అవ్వను కూర్చోబెట్టి, "నిన్న పొద్దుటి నుంచి రాత్రిదాకా ఏమేం తిన్నావమ్మా?" అని అడిగారు.

అవ్వకు తెలుగు అంతంత మాత్రమే. గోండిలో అడిగితే తెల్లారేదాకా చెప్పేది. కాసేపు ఆలోచించి, "అన్నం, పప్పు" అన్నది. సార్ రాసుకున్నారు.

మేము పక్కనే ఉన్నాం. ముందురోజు మా ఇంట్లో అన్నమూ లేదు, పప్పూ లేదు. పొద్దున జొన్న గట్క, దానిలోకి వాగులో పట్టిన ఎండ్రికాయల పులుసు. నడుమ ఎండబెట్టి దాచిన ఇప్పపువ్వు పిడికెడు. రాత్రి జొన్న రొట్టె, తొలకరికి మొలిచిన తగిరిస ఆకు కూర. ఎందుకు చెప్పలేదని తర్వాత అడిగితే అవ్వ అన్నది: "పట్నపోళ్ల ముందట ఎండ్రికాయలు తింటమని చెప్పుకుంటరా బిడ్డా? నవ్వరా?"

ఆ కాగితం ఎక్కడికి పోయిందో మాకు తెలియదు. మా నెత్తురులో ఏం తేలిందో ఎవరూ తిరిగి వచ్చి చెప్పలేదు. కానీ ఆ కాగితంలో మా అవ్వ తినని తిండి ఉంది, తిన్న తిండి లేదు. ఇన్నేళ్లయినా ఆ సంగతి మమ్మల్ని వదలలేదు.

బీఈడీ చదవడానికి కరీంనగర్ పోయినప్పుడు, తిండి మీద పరిశోధన అంటే ఏమిటో కొంత చదివి తెలుసుకున్నాం. మన హైదరాబాద్ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో తమిళనాడులోని కూనూరులో మెక్‌కారిసన్ అనే డాక్టరు బెరిబెరి జబ్బు మీద మొదలుపెట్టిన చిన్న పరిశోధనశాల అది. బాగా పాలిష్ పట్టిన తెల్లబియ్యమే తింటూ బతికే వాళ్లకు వచ్చే జబ్బు బెరిబెరి. ఆ సంస్థ 1958లో హైదరాబాదుకు వచ్చింది.

ఇక్కడికి వచ్చాక వాళ్ల ముందుకు మన జొన్నే వచ్చి నిలబడింది. తెలంగాణ పల్లెల నుంచి వచ్చే పేద కూలీల్లో పెల్లాగ్రా అనే జబ్బు కనిపించేది. ఎండ తగిలేచోట, మెడ చుట్టూ, చేతుల మీద చర్మం నల్లబడి పొలుసులు రాలుతుంది. విరేచనాలు పట్టుకుంటాయి. ముదిరితే మతి చెదురుతుంది. అమెరికాలో మక్కజొన్న మీదే బతికిన పేదలకు ఈ జబ్బు వచ్చేది. అంటువ్యాధి కాదు, తిండి లోపమేనని గోల్డ్‌బెర్గర్ అనే డాక్టరు అక్కడ నిరూపించాడు. నియాసిన్ అనే విటమిన్ దీన్ని నయం చేస్తుందని 1937 తర్వాత తేలింది. మరి జొన్న తినే తెలంగాణ కూలీలకు ఎందుకు వస్తోంది?

డాక్టర్ గోపాలన్, డాక్టర్ శ్రీకంఠయ్య 1960లో ఒక జవాబు ప్రకటించారు. జొన్న మాంసకృత్తుల్లో ల్యూసిన్ అనే భాగం ఎక్కువ, అది శరీరంలో నియాసిన్ తయారీకి అడ్డుపడుతోందని వాళ్ల మాట. దీన్ని అందరు శాస్త్రవేత్తలూ ఒప్పుకోలేదు. తర్వాత అదే సంస్థ, ల్యూసిన్ తక్కువున్న జొన్న రకాలూ ఉన్నాయని, ఐసోల్యూసిన్ అనే మరో భాగం ఈ చెడును తగ్గిస్తుందని చూపింది.

చాలా ఏళ్లకు, 2021లో, పటాన్‌చెరులోని ఇక్రిశాట్, ఇతర సంస్థల శాస్త్రవేత్తలు 11 దేశాల అధ్యయనాలను కలిపి చూశారు. జొన్నలు, సజ్జలు, రాగుల వంటివి తింటే నెత్తురులో చక్కెర తగ్గుతోందని చెప్పారు. ఐక్యరాజ్య సమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. ఒకనాడు బోనులో నిలబడ్డ జొన్నకు ఇప్పుడు దండ వేశారు.

జొన్న మారలేదు. దాని పక్కన విస్తట్లో ఏముందన్నదే తేడా. వేరే ఏదీ దొరకని కూలీ మూడు పూటలా జొన్నే తింటే ఒక సంగతి. ఎండ్రికాయ, పెసలు, ఆకుకూర, మొర్రిపండు, తునికిపండు కలిసిన జొన్న ఇంకో సంగతి. మా అవ్వ సార్లకు చెప్పకుండా దాచింది సరిగ్గా ఆ పక్కనున్న కూరనే.

ఇది మా ఇంటి మీదికే వచ్చింది. మా చెల్లె ఆశ్రమ పాఠశాలలో చదివేటప్పుడు నెత్తురు పరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ 8 వచ్చింది. ఆ వయసు ఆడపిల్లకు 12 ఉండాలి. పిల్ల మెట్లెక్కితే ఆయాసపడేది, క్లాసులో కునుకు తీసేది. అప్పటికి మా చేన్లలో జొన్న పోయి పత్తి వచ్చింది. ఇంట్లో రేషన్ బియ్యం, నీళ్ల పప్పు, తిన్న వెంటనే చాయ్. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చిన తర్వాత ఆకలి తగ్గిందన్నది నిజం. ఆ బియ్యాన్ని మేము తిట్టం. కానీ అడవి కూర విస్తట్లోంచి ఎప్పుడు జారిపోయిందో మేము చూసుకోలేదు.

ముందుగా సికిల్ సెల్ పరీక్ష చేయించమని నర్సమ్మ చెప్పింది. మన ఆదివాసుల్లో ఆ జబ్బు ఉంది. అది ఉంటే ఐరన్ గోలీలతో, కూరలతో తీరే పని కాదు. అదృష్టం, చెల్లెకు అది లేదు. గోలీలు మొదలుపెట్టాం. తిండితోపాటు చాయ్ మాన్పించాం, ఎందుకంటే చాయ్ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. ఉసిరికాయ, నిమ్మకాయ పెట్టాం, అవి పట్టిస్తాయి. ఆకుకూర, పెసలు, ఇప్పపువ్వు మళ్లీ వండాం. కొన్ని నెలలకు 11 దాటింది.

దీంట్లో గోలీ పని ఎంత, కూర పని ఎంత అని అడిగితే మేము చెప్పలేం. ఒక్క పిల్లను చూసి చెప్పేది కాదు. ఒకే తీరు ఉన్న వాళ్లను రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు ఇచ్చి, ఇంకో గుంపుకు ఇవ్వకుండా, నెలల తరబడి కొలిస్తేనే తెలుస్తుంది. దాన్నే పరిశోధన అంటారు. అందుకే మేము పరిశోధన వద్దనం. అది సరిగ్గా జరగాలంటాం.

సరిగ్గా అంటే ఏమిటో మనమే అడగాలి. 2009లో ఖమ్మం జిల్లాలో ఆదివాసీ అమ్మాయిలకు హెచ్‌పీవీ టీకా వేసి పరిశీలించినప్పుడు, చాలామందికి తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లే సంతకాలు పెట్టారు. పార్లమెంటు కమిటీ ఆ పనిని తప్పుపట్టింది. మన ఒంటి మీద సంతకం మనదే కావాలి. మనకు అర్థమయ్యే భాషలో చెప్పిన తర్వాతే కావాలి.

టీచర్లకు మా మాట ఒకటే. సర్వే వాళ్లు వస్తే పక్కన కూర్చోండి. ప్రశ్నను గోండిలో, కొలామీలో చెప్పండి. ఎండ్రికాయ పేరు, తగిరిస పేరు కాగితం మీద రాయించండి. ఫలితం ఎప్పుడు చెబుతారో తేదీ అడిగి బడి రిజిస్టర్లో రాసుకోండి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, నిన్న ఏం తిన్నావని ఎవరైనా అడిగితే సిగ్గుపడకండి. మా అవ్వ ఇప్పుడు లేదు. ఆమె తిన్న కూర ఏ కాగితంలోనూ లేదు. మీ కూర పేరైనా కాగితానికి ఎక్కాలి.