నిండు హాజరు

పదవీవిరమణ పొందిన తెలుగు పండితుడికి మిగిలేవి వ్యాకరణమూ, కొన్ని తప్పులూ. నేడు రెండవదాన్ని గురించి.

అప్పట్లో గుంటూరు జిల్లాలోనే ఉన్న ఒక పల్నాటి పల్లెలో పనిచేసేవాణ్ణి. చుట్టూ నల్లరేగడి, మిరపా, పత్తీ. కొందరు రైతులు కంపెనీలకు సంకర పత్తివిత్తనం పండించేవారు. సాయంత్రం మొగ్గ విప్పి కేసరాలు తీసివేయాలి. మరునాటి ఉదయం మగపువ్వు తెచ్చి కీలాగ్రానికి అద్దాలి. ప్రతి పువ్వుకూ ఇంతే. దీనిని ‘క్రాసింగు’ అనేవారు. ఆడపిల్లల వేళ్ళు సున్నితమట! (కూలీ అంత సున్నితమే.) అడ్వాన్సు ముందే తండ్రికి ముట్టేది, అది తీరేదాకా పిల్ల ఆ చేను విడిచేది కాదు. 1976 నాటి చట్టం దీనిని వెట్టి అంటుంది. మా ఊళ్ళో బదులు అనేవారు.

2003లో దావులూరి వెంకటేశ్వర్లు గారి నివేదిక వెలువడ్డాక కంపెనీలపై ఒత్తిడి పెరిగింది. మా బడికీ ఒకాయన వచ్చాడు.

“పిల్లలందరూ వస్తున్నారా మేష్టారూ?”

పట్టీ చూపాను. ఏడవ తరగతి ఆడపిల్లలు పదకొండుగురికీ నిండు హాజరు. సంఖ్య తగ్గితే ఒక పోస్టు పోతుందని నేనే వేసిన హాజరు అది. ఆయన రాసుకొని, టీ తాగి వెళ్ళాడు. తరగతిలోకి తొంగిచూడలేదు, చేనికీ పోలేదు.

కంపెనీ ఇచ్చే విత్తనధరలో పెద్దల కూలి గిట్టదని రైతులు వాపోయేవారు. అదీ నిజమే. కానీ ఆ పట్టీ రైతు రాసింది కాదు.

ఆ మధ్యాహ్నం ఏడవ తరగతికి వెళ్ళాను. ఆడపిల్లల వరుసలో నలుగురున్నారు. సవర్ణదీర్ఘసంధి చెప్పాను.