సకుటుంబ సమేతంగా

సినిమా గోడపత్రికల మీద 'సకుటుంబ సపరివార సమేతంగా చూసి ఆనందించండి' అని రాస్తారు. ఆ కుటుంబం ఎవరిది? బడి గురించి, గుడి గురించి, మంచినీళ్ళ బావి గురించి మనం చాలా రాసుకున్నాం. ఆట గురించి తక్కువ. కూడు లేనోడికి ఆటెందుకంటారు. ఆ మాటనేది ఎప్పుడూ ఆటకి కరువులేనోళ్ళే.

మా ఊరి తిరనాళ్ళకి రంగులరాట్నం వచ్చేది. మాలపల్లె పిల్లలం దూరంగా నిలబడి చూసేవాళ్ళం. ఊళ్ళో పిల్లలు ఎక్కి, దిగి, ఇళ్ళకు పోయాకే మా వంతు. అప్పటికి రాట్నమాయన చెక్కగుర్రాలు విప్పుతా ఉండేవాడు. "ఒక్క చుట్టు తిప్పయ్యా" అని మా యమ్మ బతిమాలేది. "నాదేముందమ్మా, ఊరోళ్ళు ఒప్పుకోరు" అనేవాడు. డబ్బుల్లేక కాదు. డబ్బులు మా గుప్పిట్లో చెమటపట్టి ఉండేయి.

అందుకే అమెరికాలో మా అమ్మాయి దగ్గరికి పోయినప్పుడు గ్లెన్ ఎకో పార్కు చూడాలని పట్టుబట్టా. మేరీలాండ్ రాష్ట్రంలో, వాషింగ్టన్‌కి దగ్గర్లో, పొటోమాక్ నది పక్కన ఉందది. 1891లో అక్కడ వెలిసింది ఆటల పార్కు కాదు, షటాక్వా. అంటే జనం వచ్చి ఉపన్యాసాలు, సంగీతం వినే విద్యాకేంద్రం. అది నిలవలేదు. ఆ జాగాలోనే ఆటల పార్కు లేచింది. రాట్నం, ఈతకొలను, డాన్సు హాలు అన్నీ ఉన్నాయి. తెల్లోళ్ళు పిల్లాజెల్లాతో వచ్చేవాళ్ళు. నల్లోళ్ళకి మాత్రం ప్రవేశం లేదు.

1921లో పెట్టిన ఆ రాట్నం ఇప్పటికీ తిరుగుతోంది. గుర్రాలే కాదు, కుందేళ్ళు, నిప్పుకోళ్ళు, ఒక సింహం, ఒక పులి కూడా ఉన్నాయి. 1960 జూన్ 30న నల్లజాతి విద్యార్థులు, తెల్ల స్నేహితులు కొనిచ్చిన టిక్కెట్లు పట్టుకుని, వాటిమీదెక్కి కూచున్నారు. దిగమన్నారు. దిగలేదు. ఐదుగుర్ని అరెస్టు చేశారు. ఆ వేసవంతా గేటు ముందు ధర్నా. చుట్టుపక్కల తెల్లోళ్ళు, అందులో యూదులు చాలామంది, వచ్చి వాళ్ళతో నిలబడ్డారు. ఎదురుగా అమెరికన్ నాజీలు కూడా జెండాలు పట్టుకుని దిగారు. 1961లో పార్కు అందరికీ తెరుచుకుంది. ఆ ఐదుగురిలో ఒకామె, గ్వెండొలిన్ గ్రీన్, తర్వాత మేరీలాండ్ సెనేటర్ అయింది.

కేసు మాత్రం సుప్రీంకోర్టు దాకా పోయింది. మా సొంత జాగా, ఎవర్ని రానివ్వాలో మా ఇష్టం అనేది యజమానుల వాదన. అరెస్టు చేసిన కాపలాదారు జీతం తీసుకునేది పార్కు కోసం. ఛాతీ మీద ఉన్నది మాత్రం డిప్యూటీ షెరీఫ్ బిళ్ళ, అంటే సర్కారు బిళ్ళ. 1964లో కోర్టు పట్టుకుంది ఇదే. సర్కారు అధికారంతో వెలేస్తే అది సర్కారు వేసిన వెలే అని శిక్షలు కొట్టేసింది. ఆసామి జీతం, సర్కారు బిళ్ళ! ఈ జోడీ మనకి కొత్తగాదు. అందుకే ఈ గ్రిఫిన్ కేసు మన పిల్లలు చదవాలి.

మన రాజ్యాంగం 15వ అధికరణం రెండో క్లాజు చూడండి. దుకాణాలు, హోటళ్ళు, బావులు, చెరువుల సరసనే ప్రజా వినోద స్థలాలనీ పెట్టారు. ముసాయిదా సంఘానికి అధ్యక్షుడు అంబేడ్కర్. బావి దగ్గరే కాదు, పక్క సీటు దగ్గర కూడా కులం కాపలా కాస్తుందని ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు. అమెరికా అలాంటి చట్టం చేసింది 1964లో. మనం 1950లోనే. కాగితం మీద పద్నాలుగేళ్ళు ముందున్నాం.

కాగితం మీద! 1991 జులైలో చుండూరు సినిమాహాల్లో ఒక దళిత యువకుడి కాలు అగ్రకులపోడికి తగిలింది. గొడవ అక్కణ్ణించే రాజుకుంది. ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితుల్ని చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలేసింది. 2014లో హైకోర్టు ఆ శిక్షలు కొట్టేసింది. అక్కడా కోర్టు శిక్షలు కొట్టేసింది, ఇక్కడా కొట్టేసింది. ఎవరి శిక్షలన్నదే తేడా.

గ్లెన్ ఎకో ఆటల పార్కు 1968లో మూతపడింది. రాట్నాన్ని అమ్మేస్తుంటే జనం చందాలేసుకుని నిలబెట్టుకున్నారు. ఇప్పుడు అన్ని రంగుల పిల్లలూ ఎక్కుతున్నారు.

హక్కుల జాబితాలో ఆటని చివర్న పెట్టకండి. మనోడు టిక్కెట్టు కొనుక్కుని, భయం లేకుండా కాళ్ళు చాపుకుని సినిమా చూసిన రోజే ఆ రెండో క్లాజు అమలైనట్టు.